చెరువులో చేపలు తేలాక: తొలి గంట నుంచి సాయం అందేదాకా

చెరువులో చేపలు చనిపోతున్నప్పుడు రైతుకు ఒకేసారి రెండు పనులు మీద పడతాయి. బతికున్నవాటిని కాపాడుకోవాలి. చనిపోయినవి ఎన్ని, ఎందుకు చనిపోయాయి అన్నదానికి సాక్ష్యం నిలబెట్టుకోవాలి. మొదటి పని ఎవరూ చెప్పకుండానే చేస్తారు. రెండోది వారం తర్వాత గుర్తొస్తుంది. అప్పటికి చేపలు పూడ్చేసి ఉంటాయి, నీళ్లు మారిపోయి ఉంటాయి, మత్స్యశాఖ అధికారి వచ్చినా చూడటానికి గట్టు తప్ప ఏమీ మిగలదు. బీమా అయినా, విపత్తు సాయం అయినా, బ్యాంకు అప్పుకు గడువు పెంపు అయినా ఇక్కడే చేజారుతుంది.

కైకలూరు, ముదినేపల్లి, ఆకివీడు, ఉండి వైపు ఎక్కువగా కనిపించే శీలావతి (రోహు), బొచ్చె (కట్ల) చెరువులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. పంగాసియస్, రూప్‌చంద్ పెంచేవాళ్లకూ కాగితాల పని ఇదే.

తెల్లవారుజామున తేలితే

మన చెరువుల్లో ఒక్క రాత్రిలో జరిగే మరణాలకు ప్రధాన కారణం ఆక్సిజన్ పడిపోవడమే. పగలు నీటిలోని పచ్చటి ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) ఎండతో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే ప్లాంక్టన్, చేపలు, అడుగున కుళ్లే మేత, పెంట అన్నీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. అందుకే కనిష్ఠం ఎప్పుడూ సూర్యోదయానికి ముందే వస్తుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే చేప హాయిగా ఉంటుంది. 3కి దిగితే మేత మానేస్తుంది. 1 దగ్గరికొస్తే చావులు మొదలవుతాయి. రెండు మూడు రోజులు వరసగా మబ్బు పట్టినా, చిక్కటి పచ్చనీళ్లు ఉన్నట్టుండి గోధుమరంగుకో బూడిదరంగుకో తిరిగినా, ఎండల తర్వాత తొలి భారీ వర్షం పడినా ఆ రాత్రి చెరువును వదిలి ఇంటికి పోకూడదు. వర్షం పడ్డప్పుడు పైన చల్లబడ్డ నీరు కిందికి దిగి, అడుగున ఆక్సిజన్ లేని నీరు పైకొస్తుంది. ఒక్క వానకు చెరువు మొత్తం తేలడానికి కారణం ఇదే.

ముందు మేత ఆపండి. తాడుకు కట్టిన మేత బస్తాలను నీళ్లలోంచి తీసేయండి. వాటిలో మిగిలిన తవుడు కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్‌ను కూడా లాగేస్తుంది. నిజానికి ఈ బస్తాలే ముందు హెచ్చరిక ఇస్తాయి. రోజూ మధ్యాహ్నానికి ఖాళీ అయ్యే బస్తా సాయంత్రానికి సగం నిండుగా ఉందంటే ఆ రాత్రికే సిద్ధంగా ఉండాలి.

ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఉంటే అన్నీ వేయండి. లేకపోతే ఇంజిన్‌తో చెరువు నీళ్లనే తోడి, పైపు మూతికి రేకో పలకో అడ్డం పెట్టి, నీరు చెదిరి పడేలా వదలండి. నీళ్లు పీల్చే పైపు కొసనుండే ఫుట్‌వాల్వ్ అడుగు బురదకు తగలకూడదు. నల్లబురద లేస్తే ఆక్సిజన్ ఇంకా పడిపోవడమే కాక విషవాయువులూ బయటికొస్తాయి. చేపలు గుమిగూడిన మూలలోనే గాలి ఆడించండి. అవి నీరసంగా ఉన్నప్పుడు చెరువు ఆ చివరికి ఈదవు. కాలువ నీరు పెట్టాలనుకుంటే ముందు కాలువలో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) చూడండి. పైనున్న చెరువు రైతు చచ్చిన చేపల నీళ్లు అదే కాలువలోకి వదిలి ఉండొచ్చు. బోరు నీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, దాన్ని ఎత్తు నుంచి చిమ్మి పడేస్తేనే పనికొస్తుంది. ఆక్సిజన్ బిళ్లలు, పొడులు కాసేపు ఊపిరిస్తాయి. చెరువంతా చల్లకుండా చేపలు ఉన్నచోటే వేయాలి. ఏరేటర్లు సూర్యుడు బాగా పైకొచ్చి, డీఓ మళ్లీ పెరుగుతున్నట్టు మీటరు చూపేదాకా ఆపొద్దు.

ఆ గంటలో చేయకూడనివి కూడా ఉన్నాయి. భయంలో చాలామంది సున్నం చల్లేస్తారు. సున్నం పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకెను) పెంచుతుంది, పీహెచ్ పెరిగితే మేత, పెంట కుళ్లి పుట్టే అమ్మోనియా విషం పెరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి అది 7 శాతం దాటుతుంది, 9కి 45 శాతం దగ్గరికెళుతుంది. అమ్మోనియా కొలవకుండా సున్నం వేయడమంటే, బతికున్న చేపలను కూడా పోగొట్టుకోవడానికి సిద్ధపడటమే. పొటాషియం పర్మాంగనేట్ ప్లాంక్టన్‌ను చంపుతుంది, ఆ చచ్చిన ప్లాంక్టన్ కుళ్లడానికి మళ్లీ ఆక్సిజన్ కావాలి. వల లాగడం, యాంటీబయాటిక్ కలపడం కూడా అప్పుడు వద్దు.

కారణం ఏదో చేపలే చెబుతాయి

ఏ కారణంతో చనిపోయాయో తేలితేనే ఏ ఆఫీసుకు వెళ్లాలో తెలుస్తుంది. కాబట్టి దీని మీద కొంచెం సమయం పెట్టండి.

ఆక్సిజన్ లేక పోతే పెద్ద చేపలు ముందు పోతాయి. అన్ని రకాలూ దెబ్బతింటాయి, నోళ్లు తెరుచుకుని ఉంటాయి, చావులన్నీ తెల్లవారేలోపే జరుగుతాయి. పురుగుమందో ఫ్యాక్టరీ నీరో కలిస్తే చిన్న చేపలు, పిల్లలు ముందు పోతాయి. పగలు, రాత్రి తేడా ఉండదు. చేపలు గిరగిరా తిరుగుతూ గట్టుకు కొట్టుకుంటాయి, నీటిపురుగులు, కప్పలు కూడా చస్తాయి, మీటరులో మాత్రం డీఓ మామూలుగానే ఉంటుంది. వ్యాధి నెమ్మదిగా వస్తుంది. ఈరోజు పది, రేపు పాతిక, ఎల్లుండి అరవై అన్నట్టు పెరుగుతూ పోతుంది, తరచూ ఒకే రకం చేపను పట్టుకుంటుంది, ఒంటి మీద ఎర్రమచ్చలో, పుళ్లో, రాలిన పొలుసులో, కుళ్లిన మొప్పలో కనిపిస్తాయి. అడుగున తిరిగే మోసు చేపలే ఎక్కువ పోయి, బురద తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ అనుకోవాలి.

అమ్మోనియా నుంచి నీటిలో పుట్టే నైట్రైట్ మోసం చేస్తుంది. డీఓ 5 ఉన్నా చేపలు పైకొచ్చి గుటకలు వేస్తుంటాయి. ఒక చేపను పట్టి మొప్పమూత ఎత్తి చూడండి. ఎర్రగా ఉండాల్సిన మొప్ప చాక్లెట్ రంగులో ఉంటే, రక్తం ఆక్సిజన్ మోయలేకపోతోందని అర్థం. ఏరేటర్లు ఎన్ని వేసినా ఉపయోగం తక్కువ, ఉప్పు పనిచేస్తుంది. నీటిలో నైట్రైట్-నైట్రోజన్‌కు పది రెట్లు క్లోరైడ్ ఉండేలా చూడాలి. 5 అడుగుల నీరున్న ఎకరం చెరువులో దాదాపు 6,165 ఘనపు మీటర్ల నీరుంటుంది. నైట్రైట్-నైట్రోజన్ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే 10 మిల్లీగ్రాముల క్లోరైడ్ కావాలి, అంటే సుమారు 62 కిలోలు. మామూలు ఉప్పులో 60 శాతం క్లోరైడ్, కాబట్టి 100 కిలోల పైచిలుకు ఉప్పు వేయాలి. మీ నీటిలో ముందే ఉన్న క్లోరైడ్‌ను కొలిచి తీసేయండి. ఉప్పదనం ఉన్న చోట్ల అసలు వేయాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. కిట్ చూపేది నైట్రైట్ మొత్తమా, అందులోని నైట్రోజనా అన్నది డబ్బా మీద చదవండి. మొదటిదైతే వచ్చిన సంఖ్యను 3.3తో భాగించాకే లెక్క వేయాలి.

తూకం, లెక్క, నమూనా

చేపలను గట్టుకు లాగగానే పూడ్చేయకండి. ముందు మత్స్యశాఖకు, బీమా ఉంటే కంపెనీకి ఫోన్ చేసి, అదే విషయాన్ని వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా పంపండి. ఎవరితో ఏ సమయానికి మాట్లాడారో పుస్తకంలో రాసుకోండి. తేదీ, సమయం, లొకేషన్ పడేలా ఫొటోలు తీయండి. చెరువు మొత్తం, సర్వే రాయో షెడ్డో లాంటి గుర్తు, చేపల కుప్ప, తూకం కాటా మీద అంకె, దగ్గరగా తీసిన మొప్పలు అందులో ఉండాలి. డీఓ మీటరు రీడింగ్‌ను కూడా ఫొటో తీయండి. సీసాలో పట్టి ల్యాబుకు తీసుకెళ్లిన నీటిలో డీఓ కొలిస్తే ఆ అంకెకు విలువ లేదు, చెరువు దగ్గర కొలిచిందే సాక్ష్యం.

లెక్క వేయడం ఇలా. 5 ఎకరాల చెరువులో 12,000 శీలావతి వేశారు, 5 శాతం సహజంగా పోయాయనుకుంటే 11,400 ఉండాలి. వారం కిందట వల వేసి చూసిన సగటు 800 గ్రాములు. ఇప్పుడు చచ్చిన శీలావతితో 90 క్రేట్లు నిండాయి. పది క్రేట్లు తూచితే సగటు 35 కిలోలు, మూడు క్రేట్లలో చేపలు లెక్కపెడితే సగటు 44. అంటే నష్టం 3,150 కిలోలు, 3,960 చేపలు, ఉండాల్సినవాటిలో దాదాపు 35 శాతం. 35 కిలోలను 44తో భాగిస్తే ఒక్కో చేప 795 గ్రాములు వస్తుంది. వల వేసి చూసిన 800కు ఇది సరిపోయింది. మీ రికార్డు, మీ తూకం ఒకదానికొకటి ఇలా సరిపోయినప్పుడు బీమా సర్వేయరు వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు. బొచ్చెను, మోసును వేరుగా లెక్కించండి, రేటు వేరు కదా. తొలిరోజుతో ఆపకండి. చచ్చిన చేపల్లో కొన్ని ముందు మునిగిపోయి, ఒంట్లో గాలి చేరాక మరుసటి రోజో ఆపై రోజో తేలుతాయి. మూడు రోజులు వరసగా తూచండి.

వ్యాధి అనుమానం ఉంటే చచ్చిన చేపను ల్యాబుకు తీసుకెళ్లడం దండగ. వేడికి గంటల్లోనే కుళ్లి, అసలు జబ్బు చేసిన సూక్ష్మజీవి ఏదో, కుళ్లబెట్టినది ఏదో తేలదు. కొన ఊపిరితో ఉన్న ఐదారు చేపలను ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచిలో బతికుండగానే చేర్చండి. కుదరకపోతే విడివిడి సంచుల్లో ఐసు మీద పెట్టి తీసుకెళ్లండి, గడ్డకట్టనివ్వకండి. జబ్బు లేని చేపలున్న పక్క చెరువు నుంచి రెండు చేపలు కూడా ఇస్తే పోల్చి చూడటానికి పనికొస్తాయి. విషం అనుమానమైతే శుభ్రమైన గాజు సీసాలో నీరు నిండా పట్టి, చల్లగా ఉంచి, పోలీసు ఫిర్యాదు చేశాక అధికారి ఎదుటే సీలు వేయించండి. పరిశ్రమ నీరు కారణమనిపిస్తే కాలుష్య నియంత్రణ మండలికి విడిగా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. వ్యాధులను తెలియజేయడానికి కేంద్రం 2023లో తెచ్చిన ‘రిపోర్ట్ ఫిష్ డిసీజ్’ యాప్ ఉంది. అందులో ఫొటోలతో పెడితే తేదీతో ఒక రికార్డు మిగులుతుంది.

పంచనామా అయ్యాక చెరువుకు, కాలువకు, బోరుకు దూరంగా మీటరుకు మించిన లోతు గుంట తీసి, చేపల వరసకూ వరసకూ మధ్య సున్నం చల్లి పూడ్చండి. కాలువలో పడేయడం మాత్రం దయచేసి చేయకండి. కింది చెరువులకు మీ వ్యాధిని మీరే పంపినట్టవుతుంది, ఆ నీళ్లు తాగే ఊళ్లూ ఉన్నాయి.

ఏ నష్టానికి ఏ సాయం

అన్ని చావులకూ ప్రభుత్వం పరిహారం ఇస్తుందన్న నమ్మకంతో చాలామంది నెలల తరబడి తిరుగుతారు. ఇవ్వదు. విపత్తు సాయం వచ్చేది తుపాను, వరద, కుంభవృష్టి, అగ్నిప్రమాదం లాంటి నోటిఫై చేసిన విపత్తులకే. కరెంటు పోయి ఏరేటర్లు ఆగి చేపలు పోయినా, వ్యాధితో పోయినా ఆ జాబితాలోకి రాదు. వచ్చేది కూడా కొంచెమే. 2022–26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల్లో చేప పిల్లల ఫారాలకు ఇన్‌పుట్ సబ్సిడీ హెక్టారుకు రూ.10,000, చేపల ఫారాల్లో పూడికతీత, మరమ్మతులకు హెక్టారుకు రూ.18,000. ఎకరాకు చూస్తే నాలుగు వేలు, ఏడు వేల మూడొందలకు కాస్త అటూఇటూ. గట్టు తెగి పోయిన పట్టుబడి విలువకు దీనికీ పొంతన లేదు. ఇంత తక్కువ మొత్తాన్ని సాయం అనడం రైతును చిన్నచూపు చూడటమే. అయినా వదులుకోకండి. నష్టం నమోదైన కాగితం బ్యాంకు దగ్గర, బీమా దగ్గర కూడా పనికొస్తుంది.

వరద తగ్గగానే నష్టం లెక్కించే ఎన్యుమరేషన్ బృందాలు వస్తాయి. అవి వచ్చినప్పుడు చెరువు దగ్గర ఉండండి, సర్వే నంబరు, నీటి విస్తీర్ణం, సాగుదారు పేరు సరిగా రాశారో లేదో అక్కడే చదివి చూడండి. జాబితా బయటపెట్టాక మీ పేరు లేకపోతే అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. గడువు దాటాక జాబితాలో పేరు చేర్చడం చాలా కష్టం.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన పేరు చెప్పి నష్టపరిహారం అడిగేవాళ్లున్నారు. అది కొత్త చెరువులు, బయోఫ్లాక్ (ట్యాంకుల్లో చేపల పెంపకం) యూనిట్ల లాంటి పెట్టుబడులకు ఇచ్చే సబ్సిడీ. జనరల్ వారికి యూనిట్ ఖర్చులో 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం. చచ్చిన చేపలకు అందులో డబ్బు లేదు. అదే పథకంలోని ప్రమాద బీమా మనిషికి మాత్రమే, చేపలకు వర్తించదు.

చేపలకు బీమా అంటే 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజన దారి. ఇది 2026–27 వరకు. ప్రీమియంలో 40 శాతం ప్రోత్సాహకంగా వస్తుంది, నీటి విస్తీర్ణం హెక్టారుకు రూ.25,000 మించకుండా. 4 హెక్టార్ల వరకు, ఒక రైతుకు గరిష్ఠంగా రూ.1 లక్ష. ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు ఆ ప్రోత్సాహకం మీద మరో 10 శాతం. 2 హెక్టార్ల చెరువుకు ప్రీమియం రూ.90,000 అయితే జనరల్ రైతుకు రూ.36,000, మహిళా రైతుకు రూ.39,600 వస్తుంది. ఒక్క పంటకే ఇస్తారు, తర్వాతి పంటకు ప్రీమియం మొత్తం మీదే. దీనికి 2024 సెప్టెంబరులో మొదలైన జాతీయ మత్స్య డిజిటల్ వేదికలో నమోదు ఉండాలి. ఆధార్, దానికి లింకైన ఫోను, బ్యాంకు ఖాతా పట్టుకుని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళితే చేస్తారు.

పాలసీ కాగితాన్ని సంతకానికి ముందు చదవండి. వ్యాధిని కవర్ చేస్తుందా లేదా అన్నది మొదటి ప్రశ్న. ప్రకృతి వైపరీత్యాలకే పరిమితమైన పాలసీ తక్కువ ప్రీమియానికి వస్తుంది, కానీ ఎర్రమచ్చ లాంటి వ్యాధికి పైసా రాదు. ఎంత శాతం చేపలు పోతే క్లెయిమ్‌కు అర్హత, మొదటి ఎంత శాతం రైతే భరించాలి, ఎన్ని గంటల్లో చెప్పాలి, విలువను పెట్టుబడి ఖర్చు మీద కడతారా మార్కెట్ రేటు మీదా అన్నవి మిగతావి. పెట్టుబడి ఖర్చు అయితే మేత, పిల్ల, మందుల బిల్లులు లేకుండా మీ నష్టానికి రుజువే ఉండదు. నిషేధించిన యాంటీబయాటిక్ బిల్లు ఒక్కటి దొరికినా క్లెయిమ్‌కు ఇబ్బందే.

కాగితాలు, కౌలు

చెరువుకు లైసెన్సు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం ప్రకారం అనుమతి లేని సాగుకు ఏ సాయమూ ఆశించలేం. కొల్లేరు అభయారణ్యంలో, అంటే ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపల తవ్విన చెరువు పరిస్థితి ఇంకా కష్టం. అక్కడ కౌలుకు తీసుకునే ముందు సర్వే నంబరు చూపించి అడగండి, యజమాని మాట సరిపోదు.

మన దగ్గర ఎక్కువ చెరువులు కౌలులో ఉన్నాయి. డబ్బు పెట్టేది కౌలుదారు, పట్టాదారు పాసుపుస్తకం యజమానిది. నష్టం నమోదు చేసేటప్పుడు రికార్డులో ఉన్న పేరే ఎక్కుతుంది. అందుకే పిల్ల వేసే నాటికే రాతపూర్వక కౌలు ఒప్పందం, లైసెన్సులో లేదా దానికి జతగా సాగుదారుగా మీ పేరు, డిజిటల్ వేదికలో మీ నమోదు, గ్రామ మత్స్య సహాయకుడి రికార్డులో మీ పేరు ఉండేలా చూసుకోండి. విపత్తు సాయం వస్తే ఎవరి ఖాతాలో పడాలో కూడా ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి. నష్టం వచ్చాక ఈ మాట తెస్తే గొడవ తప్పదు.

ఒక్క నోటు పుస్తకం పెట్టండి. పిల్ల ఎక్కడ కొన్నారు, ఎన్ని, సగటు బరువు, రోజూ మేత ఎన్ని బస్తాలు, పదిహేను రోజులకోసారి వల వేసి చూసిన బరువు, తెల్లవారుజామున 5 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు డీఓ, పీహెచ్ అందులో ఉండాలి. పేజీల ఫొటోలు వారానికోసారి మీ ఫోన్లోనే కాక ఇంకొకరి ఫోనుకూ పంపి ఉంచండి, వరదకు పుస్తకం కొట్టుకుపోయినా లెక్క మిగులుతుంది.

కిసాన్ క్రెడిట్ కార్డు అప్పుంటే వాయిదా తేదీ దాటకముందే, నష్టం ధ్రువీకరణతో బ్యాంకుకు దరఖాస్తు పెట్టి, రుణ కాలం మార్చమని అడగండి. మత్స్య సాగుకు రూ.2 లక్షల వరకు 7 శాతం వడ్డీకి ఇచ్చే ఈ రుణంలో సకాలంలో కడితే 3 శాతం తగ్గింపు వస్తుంది. ఊరికే కట్టకుండా వదిలేస్తే ఆ తగ్గింపు పోవడమే కాదు, ఖాతా మొండిబాకీ అయ్యి తర్వాతి పంటకు అప్పు పుట్టదు. దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.